మన కథల్లో మంచమెక్కిన నాన్నలు

అమెరికా తెలుగు కథల్లో ఒక ఫోను ఉంటుంది. అది రాత్రి రెండింటికో మూడింటికో మోగుతుంది. అవతలి నుంచి బాబాయో, బావో, పక్కింటి మాస్టారో "నాన్నకి బాగోలేదు, ఒకసారి నువ్వొస్తే మంచిది" అంటారు. కథకుడు టికెట్టు కొంటాడు. ఫ్రాంక్‌ఫర్టులోనో దుబాయిలోనో విమానం మారుతూ, చిన్నప్పుడు నాన్న సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పిన సంగతి గుర్తుచేసుకుంటాడు. టాక్సీ వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా కనబడుతుంది. ఆఖరున పెట్టెలోంచి నాన్న కోసం తెచ్చిన స్వెట్టరు తీస్తాడు. కథ అయిపోతుంది.

ఇలాంటి కథలు ఎన్ని చదివానో లెక్కపెట్టలేదు. ఒకటి నేనే రాశాను, 2008లో. అందులోనూ ఫోనుంది, షామియానా ఉంది. స్వెట్టరు బదులు నేను కళ్ళజోడు పెట్టాను. అంతే తేడా. బాగుందని నలుగురు మెచ్చుకున్నారు. ఒకాయన చదివి ఏడ్చానని కూడా రాశారు. అప్పటికి మా నాన్న నిక్షేపంగా ఉన్నారు. తెనాలిలో రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడిచొచ్చి, పేపరు ముందేసుకుని, అచ్చుతప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుడుతూ ఉండేవారు. ముప్ఫై రెండేళ్ళు జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పినాయన. సిరా అలవాటు పోలేదు.

ఈ వ్యాసంలో నేను విమర్శించబోయేది ముఖ్యంగా ఆ నా కథనే. తక్కినవాళ్ళ కథల పేర్లు చెప్పను. వాళ్ళకీ నాకూ ఒకటే తప్పు గనక నా పేరు చాలు. 2016 సెప్టెంబరు నుంచి 2017 ఆగస్టు దాకా మా నాన్న జబ్బుతో గడిపిన పదకొండు నెలల్లో, నా కథలో రాసినదేదీ జరగలేదు. జరిగినదేదీ నా కథలో లేదు. ఇది కేవలం అనుభవం చాలకపోవడం వల్ల వచ్చిన లోపం అయితే ఊరుకునేవాణ్ణి. కానీ కథల్లోంచి, సినిమాల్లోంచి నేను నేర్చుకున్న ఒక పద్ధతి నిజంగా జబ్బు వచ్చినప్పుడు నా చేత ఒక తప్పు చేయించింది. దాని సంగతి చెప్పాలి.

*

ముందు జరిగింది చెబుతాను.

ఆ ఏడు నాన్న, అమ్మ న్యూజెర్సీలో మా దగ్గర అయిదు నెలలుండి ఆగస్టులో వెనక్కి వెళ్ళారు. మూడో వారంలో నాన్న ఎడమకాలు వాచింది. పిక్క రాయిలా ఉందని చెల్లాయి చెప్పింది. విమానంలో అన్ని గంటలు కదలకుండా కూర్చున్నారు కదా, అదే అయ్యుంటుందని అందరం అనుకున్నాం. డాక్టరూ అలాగే అనుకున్నాడు. డాప్లర్ పరీక్షలో తొడ దాకా రక్తం గడ్డకట్టి ఉందని తేలింది. రక్తం పలచబడే మాత్రలిచ్చారు. మాత్రలు పనిచేయాలంటే ఆకుకూరలు ఎక్కువా తక్కువా కాకుండా చూసుకోవాలన్నారు. అమ్మ అసలు తోటకూర, గోంగూర ఇంటికి రానివ్వడమే మానేసింది.

ఇరవై రోజులకు విరోచనం నల్లగా తారులా అయింది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. గొంతులోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో కంతి కనబడింది. పలచబడ్డ రక్తం ఆ కంతిలోంచి కారుతోంది. అంటే కాలిలో గడ్డకు ఇచ్చిన మందే కడుపులో గడ్డను పట్టిచ్చింది. విమానానికి ఈ విషయంలో ఎంత పాపముందో నాకు తెలియదు గాని, అసలు నేరస్తుడు కడుపులోనే ఉన్నాడు. కేన్సరు కొందరిలో రక్తాన్ని చిక్కబరిచే స్వభావాన్ని పెంచుతుంది. కడుపు, క్లోమం కేన్సర్లలో అది మరీ ఎక్కువ. ఈ సంబంధాన్ని 1865లో ప్యారిస్‌లో ట్రూసో అనే వైద్యుడు పాఠంగా చెప్పాడు. రెండేళ్ళ తర్వాత ఆయన రక్తనాళంలోనే అలాంటి గడ్డ కనబడింది. తన పాఠాన్ని బట్టి తన జబ్బు తానే కనుక్కుని, ఆ 1867లోనే కడుపు కేన్సరుతో చనిపోయాడు. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. చదవడం ఒక్కటే నేను దూరం నుంచి చేయగలిగిన పని.

ఇక్కడ చిక్కేమిటంటే, రెండు జబ్బుల మందులూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రక్తం పలచబరిస్తే కడుపులో కారుతుంది. మందు ఆపితే కాలిలో గడ్డ పెరుగుతుంది, విరిగి పైకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుంది. కీమో ఇస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు పలచబరిచే మందు మోతాదు తగ్గించాలి, ఒక్కోసారి ఆపాలి. మా ఇంట్లో పదకొండు నెలలు నడిచింది ఈ తరాజు వ్యవహారమే. ప్రతి వారం ఒక లెక్క, ప్రతి లెక్కకూ ఒక నిర్ణయం. ఇందులో అర్ధరాత్రి ఫోనుకు చోటు లేదు. రోజూ రెండు ఫోన్లు, తెనాలిలో తెల్లవారాక ఒకటి, నాకు తెల్లవారాక ఒకటి.

మన కథలకు జబ్బంటే ఒక వార్త. మా ఇంట్లో అది ఒక ఉద్యోగం.

*

నేను చేసిన తప్పు దగ్గరికి వస్తాను.

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు చెల్లాయి ఆస్పత్రి మెట్ల మీద నుంచి ఫోను చేసింది. "నాన్నకి చెప్పేద్దామన్నయ్యా, అడుగుతున్నారు" అంది. నేను వద్దన్నాను. "తట్టుకోలేరు, పుండు అని చెప్పు" అన్నాను. నేను ఈ మాట అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట నాది కాదనిపిస్తుంది.

అది ఎవరిదో వెతికితే మొదట గుర్తొచ్చేది "ప్రేమాభిషేకం". 1981లో దాసరి నారాయణరావు తీసిన సినిమా. నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. తనకు కేన్సరని తెలిశాక ఆ సంగతి దాచి, తాను ప్రేమించిన అమ్మాయి తనను అసహ్యించుకునేలా చెడ్డవాడిగా నటిస్తాడు. ఆ నటనే త్యాగం. ఊరూరా జనం విరగబడి చూసిన బొమ్మ అది. ఆ సినిమా మా తరానికి నేర్పిన పాఠం ఏమిటంటే, కేన్సరు అనేది దాచవలసిన వస్తువు, ఎంత బాగా దాస్తే అంత ప్రేమ ఉన్నట్టు. అందులో రోగి ఇతరుల దగ్గర దాచాడు, మన ఇళ్ళలో ఇతరులు రోగి దగ్గర దాస్తారు. దిశ మారింది గాని సూత్రం అదే.

హిందీ "ఆనంద్" మన ఊళ్ళల్లోనూ ఆడింది. 1971లో వచ్చింది. అందులో రోగికి తన జబ్బు పేరు తెలుసు, పలుకుతాడు, నవ్వుతాడు. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ పేగుల్లో కేన్సరున్న మనిషికి ఒక్క వాంతి కూడా లేదు. దుప్పటి మార్చాల్సిన అవసరం ఎవరికీ రాదు. జబ్బు మాటల్లో ఉంది, ఒంట్లో లేదు.

1993లో వచ్చిన "మాతృదేవోభవ" ఏడుపు సినిమా అని చాలామంది తీసిపారేస్తారు. నేనూ పారేశాను. మళ్ళీ ఆలోచిస్తే, ఈ మూడింట్లో పని చేసే రోగి ఆ తల్లి ఒక్కతే. తాను బతకనని తెలిసి, పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎవరింట పెంచుకోమని ఇవ్వాలో తానే చూస్తుంది, తానే నిర్ణయిస్తుంది. కన్నీళ్ళు ఎక్కువయినా, ఆ సినిమాకు ఒక సంగతి తెలుసు. నిజం తెలిసిన రోగికి చేసుకోవలసిన పనులుంటాయి.

మా నాన్నకు మేం ఆ అవకాశం ఇవ్వలేదు. పందొమ్మిది రోజులు పుండనే చెప్పాం. పలచబరిచే మందు ఆపేశారు గనక, కాలిలో గడ్డ ఊపిరితిత్తులకు పోయే ప్రమాదముందని, ఆయాసం వచ్చినా గుండెలో పొడిచినట్టున్నా వెంటనే తీసుకురమ్మని డాక్టరు చెల్లాయికి చెప్పాడు. ఆ మాట నాన్నకు చెప్పాలి కదా. చెబితే "రక్తం ఎందుకు గడ్డకడుతోంది? పుండుకీ దీనికీ ఏం సంబంధం?" అని అడుగుతారు. ముప్ఫై రెండేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి. అందుకని అదీ చెప్పొద్దన్నాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో నిజాన్ని మింగమన్నాను.

పద్ధెనిమిదో రోజున స్నానాలగదికి వెళ్ళి రావడానికే ఆయాసం వచ్చింది. నాన్న ఎవరికీ చెప్పలేదు. పుండున్నవాడికి గ్యాసు పైకి తంతుందనుకుని, వాము నమిలి పడుకున్నారు. ఒక రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా, గోడకి చేరగిలబడి కూర్చుని ఊపిరి పీల్చుకున్నారు. అమ్మ చూసి చెల్లాయికి చెబితే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. స్కానులో రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయి. ఇంకో పూట ఆలస్యమయితే నా 2008 కథ అక్షరాలా జరిగేది. ఫోను మోగేది, షామియానా ఉండేది. పాఠకులు ఏడ్చేవారు. ఎందుకు చచ్చిపోయాడో మాత్రం ఆ కథలో ఉండేది కాదు.

*

అప్పుడు నేను మొదటిసారి వెళ్ళాను. నాన్న ఐసీయూలోంచి మామూలు గదిలోకి వచ్చారు. పెద్ద సిరలో గొడుగు పుల్లల్లాంటి చిన్న జాలీ పెట్టారు, కిందినుంచి వచ్చే గడ్డలు పైకి పోకుండా. నన్ను చూసి మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఒరే, గుమ్మం మీద ఆంకాలజీ అని రాసుంది. ఆంకో అంటే గ్రీకులో ఏమిట్రా?"

నేను నోరు విప్పలేదు.

"నేను చూశాలే. ఆంకోస్ అంటే ముద్ద, గడ్డ. మరి ఆ రెండోది, థ్రాంబోస్, అదీ గడ్డే. అంటే గ్రీకువాడికి కూడా మనలాగే రెండింటికీ చాలినన్ని మాటల్లేవు. మీ అమ్మ అందుకే కాళ్ళలోకి కూడా కేన్సరు పాకిందనుకుని వారం నుంచి ఏడుస్తోంది. దానికి విడదీసి చెప్పండి. కాలిలోది రక్తం గడ్డ, కడుపులోది కేన్సరు గడ్డ. నాతో పుండు పుండు అని ఎన్నాళ్ళు చెబుతారు?"

ఆ తర్వాత ఆయన అలవాటు కొద్దీ గడ్డలన్నీ లెక్కపెట్టారు. పెరుగుగడ్డ, మంచుగడ్డ, మట్టిగడ్డ, సెగగడ్డ, ఏటిగడ్డ. "తెలుగుగడ్డ" అని నా వైపు చూసి ఆగారు. నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు. అమ్మకు కాలు సంగతి, కడుపు సంగతి విడదీసి ఆయనే చెప్పారు, కాగితం మీద బొమ్మ వేసి. అమ్మ ఏడుపు ఆగలేదు గాని సగం అయింది. ఏడవాల్సింది ఎంతో తెలిసింది.

మన సాహిత్యంలో ఈ గది లేదు. జబ్బు మనిషి తన జబ్బును తానే భార్యకు వివరించే గది నేను ఏ అమెరికా తెలుగు కథలోనూ చూడలేదు. ఉందేమో, నాకు కనబడలేదేమో. ఉంటే ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

*

అబద్ధం గురించి ఇంతకన్నా బాగా రాసినవాడు టాల్‌స్టాయ్. "ఇవాన్ ఇల్యీచ్ మరణం" 1886 నాటిది. అందులో రోగిని నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టేది చుట్టూ ఉన్నవాళ్ళు ఆడే అబద్ధం. నువ్వు జబ్బుపడ్డావంతే, చావడం లేదు అని అందరూ నటిస్తుంటారు, అతనూ ఆ నటనలో పాల్గొనాలి. గెరాసిమ్ అనే పనివాడు ఒక్కడే నటించడు. అతను చేసే పని చాలా చిన్నది. రోగి కాళ్ళు తన భుజాల మీద ఎత్తిపట్టుకుని కూర్చుంటాడు, అలా ఉంటే నొప్పి తగ్గినట్టుంటుందని.

ఈ కథను నేను కాలేజీ రోజుల్లో చదివాను. అప్పుడు ఆ కాళ్ళెత్తడం ఏదో ప్రతీక అనుకున్నాను. ఆ అక్టోబరులో మా చెల్లాయి రెండు తలగడలు, ఒక మడతపెట్టిన బొంత నాన్న ఎడమకాలి కింద పెట్టి, మడమ దగ్గర చేత్తో పట్టుకుని గంటసేపు కూర్చుంటే చూశాను. అది ప్రతీక కాదు. వాపు తగ్గడానికి కాలెత్తి పెట్టాలి, ఎవరో ఒకరు పట్టుకోవాలి. టాల్‌స్టాయ్ ఒక జబ్బుగదిలో నిజంగా కూర్చున్నవాడిలా రాశాడు. మనం విమానంలో కూర్చుని రాస్తున్నాం.

ఇంకో పుస్తకం 2014లో వచ్చిన అతుల్ గవాండే "బీయింగ్ మోర్టల్". గవాండే తండ్రి మహారాష్ట్రలోని పల్లె నుంచి అమెరికా వచ్చి ఒహాయోలో స్థిరపడ్డ సర్జన్. ఆయనకు వెన్నుపాములో కంతి వస్తుంది. కొడుకూ సర్జనే, అయినా తండ్రిని ఏమడగాలో తెలియక తడబడతాడు. చివరకు అడిగినవి సాదా ప్రశ్నలు. నీకేమంటే భయం? ఏది పోగొట్టుకోవడం ఇష్టం లేదు? దేనికోసం ఎంతవరకు భరిస్తావు? వలస వచ్చిన కుటుంబం రాసిన జబ్బు కథ గనక ఇది మనకు చుట్టరికమయ్యే పుస్తకం. ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ఆ కుటుంబంలో ముగ్గురూ డాక్టర్లు, తల్లితో సహా. రిపోర్టు చదవడం వచ్చినవాళ్ళ కథ అది. రిపోర్టు చదవడం రాక, వాట్సాప్‌లో ఫొటో తీసి పంపి, అవతలివాడు గూగుల్లో వెతికి చెప్పేదాకా ఆగే ఇళ్ళ కథ ఇంకా ఎవరో రాయాలి.

సూసన్ సాంటాగ్ 1978లో "ఇల్‌నెస్ యాజ్ మెటఫర్"లో కేన్సరును యుద్ధభాషలో మాట్లాడటం మీద అభ్యంతరం చెప్పింది. మన పత్రికలూ అంతే. కేన్సరును జయించిన వీరవనితలు ఒకవైపు, సమాజానికి పట్టిన కేన్సరు లంచగొండితనం అని సంపాదకీయాలు మరోవైపు. మా నాన్న దీన్ని ఎర్రసిరాతో కొట్టేసేవారు. "జయిస్తే వీరుడు, పోతే చేతగానివాడా? నాకొచ్చిన జబ్బుని లంచాలతో పోలుస్తాడేంట్రా వీడు" అనేవారు.

*

రెండోసారి వెళ్ళినప్పుడు ఒక అమెరికా తెలుగు కథాసంకలనం తీసుకెళ్ళాను. కీమో ఎక్కుతున్న నాలుగు గంటలూ ఆయన చదివేవారు. మూడు విడతల్లో పూర్తిచేశారు. నా పాత కథ కూడా అడిగి తీసుకుని చదివారు. నేను ఇవ్వనన్నాను గాని చెల్లాయి దగ్గర ప్రతి ఉంది.

చదివి కళ్ళజోడు తీసి అన్నారు: "ఈ కథల్లో నాన్నలు మాట్లాడరేంట్రా? ఫోనులో దగ్గుతారు, డబ్బు పంపొద్దంటారు, తర్వాత పేజీలో చచ్చిపోతారు. నీ కథలో అయితే దగ్గను కూడా దగ్గలేదు. మీ బాధ రాసుకోవడానికి మమ్మల్ని చంపుతున్నారు. బాధ నిజమే, కాదనను. మరి చచ్చేవాడికేమీ పనిలేదా?"

కాసేపాగి ఇంకో మాట: "వీటిల్లో ఆడపిల్ల ఎక్కడుంది? మంచం దగ్గర ఎవరో ఉండాలిగా. కొడుకు విమానంలో ఉన్నాడు. మరి నాన్నకు మంచినీళ్ళెవరిచ్చారు?"

ఇంతకన్నా పదునైన విమర్శ మన డయాస్పోరా కథల మీద నేను ఏ సదస్సులోనూ వినలేదు. మనం అపరాధభావం గురించి రాస్తాం. అపరాధభావం దూరంగా ఉన్నవాడి సొత్తు. దగ్గరున్నవాళ్ళకు దానికి తీరిక ఉండదు. మా చెల్లాయి తెనాలిలో బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు పిల్లలు. రక్తస్రావం తగ్గించడానికి రేడియేషను ఇచ్చాక, పలచబరిచే మందు మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి మాత్రలు కాదు, ఇంజెక్షన్లు. కేన్సరున్నవాళ్ళకు పాత మాత్రలకన్నా ఈ ఇంజెక్షన్లే మేలని 2003లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో తేలింది. ఆరు నెలల్లో మళ్ళీ గడ్డకట్టడం మాత్రలవాళ్ళలో నూటికి 17 మందికి జరిగితే, ఇంజెక్షన్లవాళ్ళలో 9 మందికే జరిగింది. ఆ లెక్క నేను చెప్పగలను. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి పొట్ట మీద చర్మం చిటికెలో పట్టుకుని సూది గుచ్చిన మనిషి చెల్లాయి. పొట్టంతా నీలం మచ్చలు పడితే, మచ్చ లేని చోటు వెతికి గుచ్చేది. పది నెలలు ఆ పని చేసింది. ఆ పది నెలల్లో ప్లేట్‌లెట్లు యాభై వేలకు తగ్గిన రోజుల్ని ఎర్రరంగులో చూపించే ఎక్సెల్ షీటు తయారుచేసినవాణ్ణి నేను. కథ రాసేదెవరంటే మళ్ళీ నేనే.

ఇంకొకటి. నాన్న శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఒకరోజు మందు పెట్టెలో కాగితం విప్పి చదివారు. ఆ మందును పంది పేగుల పొరలోంచి తీస్తారని అందులో ఉంది. చెల్లాయికి ముందే తెలుసట, చెప్పలేదు. అందరం బిక్కచచ్చిపోయి చూస్తున్నాం. ఆయన కాగితం మడిచి పెట్టెలో పెట్టి, "సరే, ఆ జీవానికి ఋణపడ్డానన్నమాట. దాచినందుకు మాత్రం నీకు రెండు మార్కులు కట్" అన్నారు. ఈ సంఘటనలో ఆచారముంది, శాస్త్రముంది, హాస్యముంది, చావుందీ. ఇది నేను కల్పించి రాయలేను. నా 2008 కథలో నాన్న పాత్ర ఇలా మాట్లాడే అవకాశమే లేదు, ఆయన్ని నేను మూడో పేజీలోనే చంపేశాను.

*

ఫోను కథలన్నీ అబద్ధమని నేననడం లేదు. 2020 మార్చిలో ఇండియాకు విమానాలు ఆగిపోయినప్పుడు, వీడియోలో దహనం చూసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు ఆ ఫోనే కథ. మాటా పలుకూ లేకుండా గుండె ఆగిపోయిన నాన్నలున్నారు. నా అభ్యంతరం వేరు. నెలల తరబడి సాగే జబ్బును కూడా మనం ఆ ఒక్క ఫోనులోకి కుదించేస్తున్నాం. అలా కుదిస్తే మిగిలేది రాసేవాడి దుఃఖం ఒక్కటే. రోగి తెలివి పోతుంది, చెల్లెలి చేతులు పోతాయి, మందులు ఒకదానికొకటి అడ్డం పడటం పోతుంది, దాచినందువల్ల జరిగిన కీడు పోతుంది. చదువరి ఏడుస్తాడు గాని, రేపు తన ఇంట్లో రిపోర్టు వస్తే ఏం చేయాలో ఆ కథ అతనికి ఏమీ నేర్పదు. నేర్పితే తప్పుగా నేర్పుతుంది, నాకు నేర్పినట్టు.

"ప్రేమాభిషేకం" గురించి ఒక మాట మిగిలిపోయింది. ఆ సినిమాలో కేన్సరును దాచి కోట్లమందిని ఏడిపించిన అక్కినేని నాగేశ్వరరావు, 2013 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, పత్రికలవాళ్ళను పిలిపించి తనకు కేన్సరు వచ్చిందని తానే చెప్పారు. 2014 జనవరి 22న పోయారు. అప్పటికి "మనం" సినిమాలో తన పని చేసి వెళ్ళారు. ఆ పత్రికా సమావేశం నేను న్యూజెర్సీలో టీవీలో చూశాను. చూసీ మూడేళ్ళ తర్వాత మా నాన్నకు పుండని చెప్పించాను. నటుడు తన పాత్రను దాటి వచ్చేశాడు, నేను ఆ పాత్ర దగ్గరే ఆగిపోయాను. సినిమా ప్రభావం మనిషి ప్రభావం కన్నా లోతుగా దిగుతుందనడానికి నాకు ఇంతకన్నా రుజువక్కర్లేదు.

2017 జూలైలో కీమో పనిచేయడం మానేసింది. ఇంకో రకం మందు ఉంది, ప్రయత్నించవచ్చు, ఆశ తక్కువ అన్నారు. ఈసారి ఎవరం ఏదీ దాచలేదు. గవాండే పుస్తకంలోని ప్రశ్న నేను నాన్నని ఫోనులో అడిగాను, తడబడుతూ. "నాన్నా, మీకు దేనికి భయం?"

ఆయన వెంటనే చెప్పారు. "ఊపిరాడకపోవడానికి. ఆ రాత్రి గోడకు చేరగిలబడి కూర్చున్నానే, దానికి. కీమో ఆపెయ్యండి. ఇంజెక్షన్లు మాత్రం అమ్మాయిని ఆపొద్దను." డాక్టరు కూడా అదే సరైనదన్నాడు. జాగ్రత్తగా గమనిస్తే, ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన జ్ఞానం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మా అబద్ధం వల్ల ఆయన పడ్డ ఒక రాత్రి బాధలోంచి వచ్చింది. నిజం చెప్పి ఉంటే ఆ జ్ఞానం అంత ఖరీదు కాకపోను.

చెల్లాయి "ఇప్పుడు రా అన్నయ్యా" అంది. ఎప్పుడు రమ్మనాలో తనకు తెలిసింది, ఎందుకంటే ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నటించడం లేదు. నేను వెళ్ళిన పదకొండో రోజు మధ్యాహ్నం రెండు దాటాక నాన్న పోయారు. ఆయాసపడలేదు. అమ్మ తల దగ్గరుంది, చెల్లాయి పొద్దుటి ఇంజెక్షను ఇచ్చి, బ్యాంకుకు సెలవు పొడిగించడానికి కాగితం రాస్తోంది. ఎడమకాలు తలగడ మీదుంది. దాన్ని నేను పట్టుకుని ఉన్నాను.

ఫోను మోగలేదు.

నా 2008 కథను ఎవరైనా మళ్ళీ అచ్చువేస్తామంటే వద్దంటున్నాను. ఆ కథ ప్రతి ఒకటి నా దగ్గరుంది. దాని మార్జిన్‌లో, మూడో పేజీలో తండ్రి చనిపోయే వాక్యం పక్కన, ఎర్రసిరాతో నాన్న రాసిన ప్రశ్న ఉంది: "ఏ జబ్బు? ఎవరు చూసుకున్నారు?" ఆ రెండు ప్రశ్నలూ మన కథకులందరికీ అందజేయడానికే ఈ వ్యాసం.